హనుమాన్ జంక్షన్ లో ఆగిన కారవాన్

హనుమాన్ జంక్షన్ అనగానే మీలో సగం మందికి సినిమా గుర్తుకొస్తుంది. 2001లో అర్జున్, జగపతిబాబు, వేణు కలిసి నటించిన ఆ చిత్రం టీవీలో పడితే ఇప్పటికీ చానల్ మార్చనివాళ్లు చాలామంది వున్నారు. మిగతా సగం మందికి "జంక్షన్... జంక్షన్... దిగేవాళ్లు ముందుకి రండి!" అన్న కండక్టరు కేక గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది ఆ రెండింటి గురించీ కాదు. మండుటెండలో ఆ జంక్షన్ పక్కన ఆగిన ఒక సినిమా బండి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ బండి కింద వుండే ఒక ట్యాంకు గురించి!

అప్పుడే ముక్కు మూసుకోకండి. మీ అభిమాన తార అలసిపోకుండా, జబ్బుపడకుండా మీకోసం పాటకి స్టెప్పు వేయగలుగుతోందంటే అందులో ఆ ట్యాంకు వాటా కూడా వుంది.

నాలుగు దారుల కూడలి

విజయవాడ నుంచి ఏలూరు వైపు, గన్నవరం విమానాశ్రయం దాటి వస్తే హనుమాన్ జంక్షన్. విజయవాడకి ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఏలూరికి అందులో సగం. కూడలిలో కొలువైన ఆంజనేయస్వామి వల్లనే ఆ పేరు. దక్షిణంగా పోతే గుడివాడ. అక్కినేని, నందమూరి పుట్టిన పల్లెలు ఆ గుడివాడ ప్రాంతంలోనివే కాబట్టి మన చిత్రసీమకి అది పుట్టిల్లు లాంటి దారి. ఉత్తరంగా పోతే నూజివీడు. అదేమో మామిడికి పుట్టిల్లు!

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి పోయింది, జంక్షన్ కృష్ణా జిల్లాలోనే వుండిపోయింది. ఆ సంగతి మామిడిపళ్లకి ఇంకా తెలిసినట్టు లేదు. ఏప్రిల్, మే నెలల్లో బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు... అన్నీ జిల్లా భేదం లేకుండా అదే కూడలి మీదుగా లారీలెక్కి పోతుంటాయి. ఆ రోజుల్లో జంక్షన్ లో బస్సు దిగితే పెట్రోలు వాసన కన్నా ముందు పండు వాసనే పలకరిస్తుంది.

నూజివీడు దారిలో ఒక తోటలో పాట తీస్తున్నారని తెలిసి, తోట మీద నాలుగు ముక్కలు రాద్దామని నేను విజయవాడ నుంచి బయల్దేరాను. జంక్షన్ లో టీ తాగుతూ నిలబడితే, రోడ్డు పక్క చెట్టు నీడలో తెల్లగా మెరుస్తూ కారవాన్ కనిపించింది. కాలేజీ కుర్రాళ్లు అయిదారుగురు చుట్టూ చేరి, నల్ల అద్దాల్లోంచి ఎవరైనా కనిపిస్తారేమోనని తొంగిచూస్తున్నారు. లోపల ఎవరూ లేరు. వున్న ఒక్క మనిషి బండి కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుని వున్నాడు.

"ఏవండీ, బండి ట్రబులిచ్చిందా?" అని అడిగాను.

"బండి కాదండి, బాత్రూము" అన్నాడాయన కింద నుంచే.

ఆయనే డ్రైవరు. యాభై దాటిన మనిషి. చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. వాల్వు కాస్త బిగుసుకుంటే సిలికాన్ గ్రీజు పెడుతున్నాడు. మామూలు నూనె గానీ వాజిలిన్ గానీ పెడితే రబ్బరు వాషరు ఉబ్బి పాడవుతుందట! ఒకప్పుడు లారీ తోలిన ఈ పెద్దాయన ఇప్పుడు తారల బండి తోలుతున్నాడు. "లారీలో సరుకు దింపేస్తే పనయిపోయేదండి. ఇందులో సరుకు రోజూ పెరుగుతూ వుంటుంది" అని నవ్వాడు. నేను కూడా అదే బండిలో తోట దాకా వెళ్లాను. దారిపొడుగునా ఆయన చెప్పిందే ఈ కథలో సగం.

చెట్టు చాటు రోజులు

కారవాన్ అంటే మీకు ఏసీ, సోఫా, చుట్టూ దీపాలు పెట్టిన అద్దం కళ్లముందు కనిపిస్తాయి. కానీ ఆ బండిని ముందుగా కోరుకున్నది వాటికోసం కాదు. ఔట్ డోర్ అంటే ఒకప్పుడు చెట్టు చాటే గది, చీర అడ్డే తలుపు. జయా బచ్చన్ 2022లో తన మనవరాలు నవ్య నడిపిన పాడ్ కాస్ట్ లో ఆ రోజుల సంగతి దాచకుండా చెప్పారు. ఔట్ డోర్ లో వ్యాన్లు వుండేవి కావు, నెలసరి రోజుల్లో కూడా పొదల వెనకే అవస్థ పడవలసి వచ్చేదని. హిందీ చిత్రసీమకి 1990లలో వానిటీ వ్యాన్లను అలవాటు చేసిన ఘనత నటి పూనమ్ ధిల్లాన్ దే అంటారు. ఆ తర్వాత అన్ని భాషల వాళ్లకీ అలవాటయింది.

సరే, కథానాయికకి బండి వచ్చింది. మరి ఆమె వెనక వరసలో నాట్యం చేసే అమ్మాయిలకో? జూనియర్ ఆర్టిస్టులకో? కేరళ ప్రభుత్వం 2017లో జస్టిస్ హేమ కమిటీని వేసింది. కమిటీ 2019 చివర్లో నివేదిక ఇచ్చింది. అది 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. అందులో పెద్ద పెద్ద విషయాల మధ్య ఈ చిన్న విషయం కూడా వుంది. సెట్టులో మరుగుదొడ్డి లేక ఆడవాళ్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేస్తున్నారు, మూత్రపు ఇన్ఫెక్షన్లతో బాధపడుతున్నారు అని. మే నెలలో నూజివీడు ఎండలో నీళ్లు తాగకుండా పాటకి ఎగరడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి!

ట్యాంకు పురాణం

పెద్దాయన లెక్కలో కారవాన్ కి మూడు ట్యాంకులు. ఒకటి మంచినీళ్లది. రెండోది చేతులు కడిగిన నీళ్లు, స్నానం చేసిన సబ్బునీళ్లు పోయేది. మూడోదే మన కథానాయకుడు. అమెరికావాళ్లు రెండోదాన్ని గ్రే అనీ, మూడోదాన్ని బ్లాక్ అనీ రంగులతో పిలుస్తారు. మన పెద్దాయన "మూడోది" అంటాడు, అంతే.

ఇంట్లో దొడ్డికి వంపు తిరిగిన గొట్టం, అందులో ఎప్పుడూ నిలిచే నీళ్లు వుంటాయి. ఆ నీళ్లే వాసనకి అడ్డు. చాలా కారవాన్లలో ఆ వంపు వుండదు. బేసిన్ అడుగున పక్కకి జరిగే ఒక రేకు, దాని చుట్టూ రబ్బరు వాషరు వుంటాయి. రేకు మీద రెండంగుళాల నీళ్లు నిలిస్తే వాసన రాదు. వాషరులో ఇసుక గానీ కాగితం ముక్క గానీ ఇరుక్కుంటే నీళ్లు జారిపోతాయి. ఇక లోపల ఎన్ని అత్తర్లు చల్లినా లాభం లేదు!

"అందరూ చేసే తప్పు ఒకటుందండి. కింద వాల్వు తెరిచి వదిలేస్తారు. ఎప్పటికప్పుడు పోతుంది కదా అని" అన్నాడు పెద్దాయన. అలా వదిలేస్తే నీళ్లు ముందు జారిపోతాయి. గట్టిది మిగిలి, ఎండకి ఆరి, గోపురంలా పేరుకుంటుంది. దాన్ని కదిలించడం బ్రహ్మతరం కాదు. అందుకని వాల్వు మూసే వుంచాలి. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాకే ఒక్కసారిగా తెరవాలి. అప్పుడు నీళ్ల జోరుకి అంతా కొట్టుకుపోతుంది. ముందు మూడో ట్యాంకు, తర్వాత రెండోది. ఆ సబ్బునీళ్లతో పైపు దానంతటదే కడుక్కుంటుంది. చివర మంచినీళ్లతో ఒకటికి రెండుసార్లు కడిగి, వాల్వు మూసి, మళ్లీ ఓ పది లీటర్ల నీళ్లు, మందు పోయాలి. అడుగున ఆ నీళ్ల పరుపు లేకపోతే మొదటి రోజే అంటుకుపోతుంది.

నీళ్లు పొదుపు చేద్దామని ఫ్లష్ సగమే నొక్కడం కూడా పొరపాటే. ఇంట్లో ఫ్లష్ కి ఆరు నుంచి పది లీటర్లు పోతాయి. బండిలో అందులో నాలుగో వంతు కూడా వాడరు. ఆ కాసిన్ని కూడా పొయ్యకపోతే ట్యాంకులో కదలిక వుండదు. అప్పటికీ మొండికేస్తే, సగం దాకా నీళ్లు నింపి బండిని ఓ అరగంట తిప్పాలట. "మన గతుకుల రోడ్లకి ఒక్క మంచిగుణం వుందంటే ఇదేనండి. లోపల చిలికినట్టు చిలికేస్తాయి" అన్నాడు. గవర్నమెంటువారు గమనించగలరు!

వాసన మీద ఇంకో కిటుకు. ట్యాంకులో పుట్టే గాలి పోవడానికి కప్పు మీదికి ఒక గొట్టం వుంటుంది. కందిరీగలు దాంట్లో గూడు పెడితే గాలి వెనక్కి తన్నుతుంది. బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుండగా ఫ్లష్ నొక్కితే, ఆ ఫ్యానే ట్యాంకులోని గాలిని గదిలోకి లాగుతుంది. ముందు ఫ్యాను ఆపి, తర్వాత నొక్కాలి. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని యూనిట్లలో ఎందరు డ్రైవర్లు తిట్లు తిన్నారో!

వేయకూడనివి

బాత్రూము తలుపుకి పెద్దాయన ఒక అట్టముక్క తగిలించాడు. తెలుగులో, హిందీలో పెద్దక్షరాలతో... దూది వేయకండి, ప్యాడ్లు వేయకండి, సిగరెట్ ముక్కలు వేయకండి, టీ పిప్పి వేయకండి. అన్నిటికన్నా పైన, ఎర్ర సిరాతో, మేకప్ తుడిచే తడి కాగితాలు వేయకండి! అవి చూడ్డానికి కాగితాలే గానీ చాలా వాటిల్లో ప్లాస్టిక్ పోగులుంటాయి. నీళ్లల్లో కరగవు. నాలుగు కలిస్తే తాడు, నలభై కలిస్తే బిరడా. పక్కనే మూతవున్న బుట్ట పెట్టాడు, పాత పేపర్లు కూడా పెట్టాడు. "వద్దన్నప్పుడు ఎక్కడ వెయ్యాలో కూడా చెప్పాలి కదండి!" అన్నాడు. ఎంతమంది నిర్మాతలకి ఈ మాట తోచి వుంటుందంటారు?

బ్లీచింగు పొయ్యడం అసలే కూడదు. బ్లీచింగు మూత్రంతో కలిస్తే గొంతు మండించే విషపు గాలి పుడుతుంది. దొడ్లు కడిగే యాసిడ్ తో కలిస్తే క్లోరిన్ పుడుతుంది. ఇరుకు గదిలో అది సరదా సంగతి కాదు. పైగా మురికిని తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అందుకే ఇప్పుడు ఫార్మాలిన్ రకం మందులు తగ్గించి, ఎంజైము రకం మందులు వాడమంటున్నారు.

ఎక్కడ వదలాలి?

అసలు ప్రశ్న ఇది. నిండిన ట్యాంకుని ఎక్కడ వదలాలి?

జంక్షన్ దగ్గర రోడ్డు పక్కన గుంటలకి కరువు లేదు. రాత్రి పదకొండు దాటాక ఎవరు చూస్తారు? కానీ ఈ నేల సంగతి చూడండి. ఒక పక్క విజయవాడ నుంచి ఏలూరు పోయే కాలువ. డెల్టా పల్లెల్లో కాలువ నీళ్లతో నింపుకునే చెరువులు. ఉత్తరాన బోర్ల మీద బతికే తోటలు. ఇక్కడి వాగులూ, మురుగు కాలువలూ చాలావరకు పోయి చేరేది కొల్లేరు. బుడమేరు కూడా అందులోకే పోతుంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సుకి మనం పంపేది ఇదా? టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు... ఇవన్నీ ఆ గుంటలోంచి ఎవరింటికో నడిచి వెళ్లేవే.

"ఎరువే కదా, మామిడి మొదట్లో పొయ్యండి" అని ఓ తోట యజమాని సలహా ఇచ్చాడట ఒకప్పుడు. పచ్చి మురికి ఎరువు కాదు. రోగాల క్రిములూ, ట్యాంకు మందూ కలిసిన నీళ్లు చెట్టుకీ మంచివి కావు, రాలిన కాయ ఏరే కూలీ చేతికీ మంచివి కావు.

సరైన దారి ఒకటే. ట్యాంకరు బండిని పిలిపించి పైపుతో లాగించి, మురుగు శుద్ధి చేసే చోటికి పంపడం. విజయవాడ లాంటి నగరాల్లో మురుగు శుద్ధి ప్లాంట్లున్నాయి. వరంగల్, నరసాపురం లాంటి చోట్ల సెప్టిక్ ట్యాంకు మడ్డి కోసమే ప్రత్యేకంగా కేంద్రాలు కట్టారు. ట్యాంకరువాణ్ణి "ఎక్కడ పోస్తావు బాబూ?" అని ఒక్క మాట అడగాలి. అడక్కపోతే అదే గుంట, అదే చీకటి, బండి మాత్రమే వేరు.

చెయ్యి ఎవరిది?

తోట ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా పెద్దాయన ఒక సంగతి చెప్పాడు. అంతసేపూ నవ్వుతూ మాట్లాడినవాడు అది చెప్పేటప్పుడు నవ్వలేదు.

చాలా ఏళ్ల క్రితం, ఎక్కడో దూరపు ఔట్ డోర్ లో, ఇంకో బండి ట్యాంకు తడి కాగితాలతో బిగిసిపోయింది. మేనేజరు దగ్గరి వాడలోంచి ఓ కుర్రాణ్ణి పిలిపించాడు. చేతిలో అయిదొందల నోటు పెట్టాడు. ఒక ఇనపచువ్వ ఇచ్చాడు. తొడుగుల్లేవు, ఏమీ లేవు. కుర్రాడు బండి కింద దూరి, చువ్వ పని చెయ్యకపోతే చెయ్యే పెట్టాడు. మీద పడింది. యూనిట్ మొత్తం కర్చీఫులు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి చూసింది. ఒకరిద్దరు ఫోనులో వీడియో కూడా తీశారట. "ఆ రోజు నుంచి తొడుగులు నావేనండి, పని నాదేనండి. వేరేవాణ్ణి పిలవనివ్వను" అన్నాడు.

ఆ కుర్రాణ్ణి ఏ వాడ నుంచి పిలిచారని నేను అడగలేదు. మన దేశంలో ఆ జవాబు అందరికీ తెలుసు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకునో మురుగు కాలువనో మనిషి చేత శుభ్రం చేయిస్తే, మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. డబ్బు పెరిగిందంటే చావులు ఆగలేదనే కదా అర్థం! ట్యాంకులో పుట్టే గాలి మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు మళ్లీ పైకి రాడు. ఈ పని మనిషి చేతినుంచి తప్పించాలని జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ మన తెలుగువాడే. కోలారు బంగారు గనుల్లో, ఆ పనే చేసిన కుటుంబంలో పుట్టాడు. 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. ఆయన మీద మనవాళ్లు ఇంకా సినిమా తీయలేదేమో, తీస్తే మొదటాట టిక్కెట్టు నాది!

అమెరికాలో వున్న మన తెలుగు కుర్రాళ్లు సెలవులకి మోటార్ హోమ్ అద్దెకి తీసుకుని కొండలూ లోయలూ తిరిగొస్తారు. చివరి రోజు దారిలో ప్రత్యేకంగా కట్టిన చోట ఆగి, తొడుగులు వేసుకుని, ఎవరి ట్యాంకు వాళ్లే ఖాళీ చేస్తారు. ఇంజనీరైనా సరే, డాక్టరైనా సరే! 2006లో వచ్చిన 'ఆర్ వీ' అనే హాలీవుడ్ చిత్రంలో రాబిన్ విలియమ్స్ ఆ పని రాక పడే తిప్పలు చూసి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అక్కడ నవ్వొచ్చింది, మీద పడ్డది ఆయన తోలే బండి ట్యాంకే కాబట్టి. మన వాడకుర్రాడి మీద పడితే అది హాస్య సన్నివేశం ఎలా అవుతుంది?

తోటలో తాళంచెవి

తోటకి చేరేసరికి రెండు దాటింది. చెట్లకి కాయలు కొమ్మలు వంగేట్టున్నాయి. నాయిక ఇంకా రాలేదు. నాట్యం చేసే అమ్మాయిలు ఇరవైమంది లంగా ఓణీల్లో, నగలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ నీడలో కూర్చున్నారు. మంచినీళ్ల సీసాలు అందరి పక్కనా వున్నాయి. చాలావాటికి మూత కూడా తియ్యలేదు.

పెద్దాయన వాళ్లవైపు చూశాడు, ప్రొడక్షన్ మేనేజరు దగ్గరికి వెళ్లాడు. బండి వెనక బాత్రూము వాళ్లకి కూడా తెరుద్దామన్నాడు. మేనేజరు చెడ్డమనిషేం కాదు. "ట్యాంకు నిండిపోతే మేడమ్ గారికి ఎలా బాబాయ్?" అన్నాడు.

ఇక్కడ లెక్క కాస్త జాగ్రత్తగా వినండి. ట్యాంకు 150 లీటర్లు. ఒక్కో వాడకానికి నీళ్లతో కలిపి మూడు లీటర్లు వేసుకుంటే యాభైసార్లు. ఒక్క తార వాడితే వారం దాటినా నిండదు. ఇరవైమంది రోజుకి మూడేసిసార్లు వాడితే అరవై, అంటే సాయంత్రం కాకుండానే నిండుతుంది. తలుపుకి తాళం పడేది తార గర్వం వల్లనే అనుకుంటాం. చాలాసార్లు ఆ తాళం వేసేది ఈ లెక్కే. ట్యాంకరు ఖర్చు బడ్జెట్ లో ఎవరూ రాయరు కాబట్టి ఇరవైమంది నీళ్లు తాగడం మానేస్తారు!

"నిండితే ఖాళీ చేయిద్దాం సార్. జంక్షన్ లో ట్యాంకరువాడి నంబరు తీసుకునే వచ్చాను. సాయంత్రం ఒక ట్రిప్పు, రేపు ఒక ట్రిప్పు" అన్నాడు పెద్దాయన. మేనేజరు ఓ నిమిషం ఆలోచించాడు. ఒక డాన్సరు కళ్లు తిరిగి పడిపోతే షూటింగ్ ఎన్ని గంటలు ఆగుతుందో ఆయనకీ తెలుసు. "కానీయ్ బాబాయ్, బిల్లు తీసుకో" అన్నాడు.

తాళం తీశారు. పెద్దాయన మెట్టుమీద నిలబడి ఫ్యాను సంగతి, ఫ్లష్ సంగతి, బుట్ట సంగతి విమానంలో ఎయిర్ హోస్టెస్ చెప్పినంత వివరంగా చెప్పాడు. అమ్మాయిలు కిలకిలా నవ్వారు. మూతలు తియ్యని సీసాలు టపటపా తెరుచుకున్నాయి. ఆరు గంటలకి ట్యాంకరు వచ్చింది. పెద్దాయన తొడుగులు వేసుకుని పైపు తనే తగిలించి, "ఎక్కడ పోస్తావు?" అని అడిగి, జవాబు తృప్తిగా వుందనిపించాకే వాల్వు లాగాడు.

మీ వూళ్లో షూటింగ్ జరిగితే కారవాన్ చుట్టూ మూగి సెల్ఫీలు తీసుకోకుండా మీరెలాగూ వుండరు. తీసుకోండి! కాకపోతే ఆ డ్రైవరుతో కూడా రెండు మాటలు మాట్లాడండి. రేపు మీలో ఎవరైనా అసిస్టెంటు డైరెక్టరో, ప్రొడక్షన్ మేనేజరో అయితే బడ్జెట్ రాసే రోజున కెమెరా అద్దె కింద ఇంకో గీత గీసి 'ట్యాంకరు' అని రాసుకోండి.